పేరు లేని పురుగుకు ఒక బీరువా కావాలి

ల్యాబు తలుపు తీయగానే ఫినాయిల్ వాసన గుప్పుమంది. నేల తళతళలాడుతోంది. బల్లల మీద కొత్త కవర్లు పరిచారు, గోడలకు కొత్త చార్టులు వేలాడుతున్నాయి. కిటికీ పక్క ర్యాకులో ఉండాల్సిన నా అట్టపెట్టె మాత్రం లేదు.

అందులో 62 సీసాలు ఉండేవి. ఒక్కోటి బొటనవేలంత. సగం దాకా ఆల్కహాల్, అడుగున మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రేణువులు, మధ్యలో ఒక చిన్న కాగితం ముక్క. మర్నాడు తనిఖీ బృందం వస్తోందని కాలేజీ అంతా కడిగించారు. "మురికి నీళ్ల సీసాలున్నయి మేడం. పారబోయమన్నరు. పారబోసి, కడిగి పెట్టిన" అంది ఆయమ్మ. నిజమే, సింకు పక్కన సీసాలన్నీ బోర్లించి వరుసగా ఉన్నాయి. ఆమెను ఏమనాలి? అవి పురుగులని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పారబోయమన్నవాళ్లకూ ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. నాలుగు వానాకాలాల పని అది. అందులో ఒక సీసాలో ఒక పెంకు పురుగు ఉంది. నేను చదివినంతలో దానికి ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదు. ఐదు దొరికితే అందులో మగది ఒక్కటే. ఆ మగదే పోయింది.

ఇది జరిగి కొన్నేళ్లయింది. కోపం చల్లారింది. అప్పుడు మొదలైన ఆలోచన మాత్రం వదల్లేదు. కొత్త జాతుల్ని పట్టుకోవడానికి మనకు అడవి ఉంది, ఆసక్తి ఉన్న పిల్లలున్నారు, చట్టం కూడా ఉంది. పట్టుకున్నది ఏమిటో తేలేదాకా దాన్ని దాచుకునే చోటే లేదు. ఆ చోటు గురించే ఈ వ్యాసం.

ఆ సీసాల్లో ఉన్నది నల్లమల. మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం రోడ్డు మీద పోతుంటే రెండు పక్కలా కనిపిస్తుందే, ఆ అడవి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో దాదాపు 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. పులుల్ని లెక్కపెట్టడానికి అక్కడ చెట్లకు కెమెరాలు కడతారు. నేను అనుమతి కాగితాలు పట్టుకుని వెళ్లింది ఆ చెట్ల కింద రాలిన ఆకుల కోసం.

ఇది ఆకు రాల్చే అడవి. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి టేకు, నల్లమద్ది, తునికి, చిరుమాను అన్నీ దులుపుకుంటాయి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు పోయేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అంటూ తొక్కుకుంటూ దిగేది ఆ ఆకుల మీదనే. అప్పుడు చూస్తే గరగరలాడే ఎండుచెత్త. రెండు మంచి వానలు పడ్డాక అదే ఆకును చేత్తో లేపి చూడాలి. పైపొర ఇంకా ఎండుగానే ఉంటుంది. దాని కింద మెత్తబడి ఒకదానికొకటి అతుక్కున్న ఆకులు, ఈనెలు తేలి జల్లెడలైన ఆకులు. ఆ కింద నల్లటి పొడి, అందులో తెల్లటి బూజు దారాలు. తడి మట్టి వాసన ముక్కుకు తగులుతుంది. మూడు నాలుగు వేళ్ల మందం ఉండే ఆ పొరలో జరిగే వేట, పెళ్లి, చావు అంతా మనం పైనుంచి తొక్కుతూనే పోతాం.

మొదటి ఏడాది నాకు ఏమీ దొరకలేదు. తేలిగ్గా చేరగలిగే చోట్లు, రోడ్డు పక్కన, ఎండ పడే చోట్లు వెతికాను. రెండో ఏడు ఒక పెంట (చెంచుల గూడెం) దగ్గర చెంచు పెద్దాయన ఒకాయన తోడు వచ్చాడు. నా జల్లెడ, గుడ్డ సంచులు చూసి "ఏం బిడ్డా, గింత దూరమొచ్చి చెత్త మూట గట్టుకపోతున్నవా?" అన్నాడు. పురుగుల కోసం తాతా, తడి ఆకుల్లో ఉంటయట అన్నాను. కాసేపు ఆలోచించి, "ఈడ గాదు. బండ కింద వాగు మలుపుంటది, ఆడ ఆకు ఎండకాలం గూడ ఎండది" అని తీసుకుపోయాడు. చేయి పెట్టబోతే ఆపి, కట్టెతో ఒకసారి గెలికి, తేలూ జెర్రీ లేవని చూసుకున్నాకే పక్కకు జరిగాడు. నా పురుగు దొరికింది ఆ మలుపులోనే, ఒక నల్లమద్ది మొదట్లో, మొసలి చర్మంలాంటి ఆ బెరడు నేలను తాకే చోట.

దొరికింది అన్నాను గానీ, ఆ రోజు నాకు ఆ సంగతి తెలియదు. తెలిసే అవకాశమే లేదు.

ఆకుల్ని జల్లెడ పట్టి, కిందికి రాలిన పొట్టునంతా గుడ్డసంచిలో వేసి ల్యాబుకు తెస్తాం. పెద్ద గరాటులో వలగుడ్డ వేసి, దాని మీద ఆ పొట్టు పరిచి, పైన బల్బు వెలిగిస్తాం. 1905లో ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లీస్ మొదట వేడినీళ్ల తొడుగుతో ఈ పద్ధతి పెట్టాడు. 1918లో స్వీడన్‌కు చెందిన టుల్గ్రెన్ ఆ వేడినీళ్ల స్థానంలో బల్బు పెట్టాడు. వెలుతురూ వేడీ పైనుంచి వస్తుంటే పొట్టు పైనుంచి కిందికి ఎండుతూ వస్తుంది. పురుగులు తడిని వెతుక్కుంటూ కిందికి, ఇంకా కిందికి దిగి, చివరికి గరాటు మూతిలోంచి ఆల్కహాల్ సీసాలో పడతాయి. ఎల్ఈడీ బల్బుతో ఈ పని జరగదు. అది వెలుతురిస్తుంది గానీ అంత వేడి ఇవ్వదు. పాతకాలం ఫిలమెంటు బల్బుల కోసం కల్వకుర్తిలో నాలుగు దుకాణాలు తిరిగాను.

సీసాలో వేసే కాగితం మీద పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. జిల్లా, ఊరు, ఎత్తు, తేదీ, ఏ చెట్టు కింద, ఎవరు తీశారు. ఆ కాగితం లేని పురుగు ఎంత అరుదైనదైనా దుమ్ముతో సమానం. ఎక్కడిదో తెలియని సాక్ష్యాన్ని ఎవరు ఒప్పుకుంటారు?

ఆ సీసాలు అలా ర్యాకులో చేరాయి. క్లాసులు, పరీక్షలు, ఎలక్షన్ డ్యూటీ. పది నెలల తర్వాత ఒక ఆదివారం ఒక్కో సీసాను గాజు పళ్లెంలోకి వంచి, సన్నని కుంచెతో వేరుచేస్తూ కూర్చున్నాను. ఎర్రనల్లికి చుట్టాలైన నల్లులు కుప్పలుగా వచ్చాయి, చీమలు, మీటినట్టు ఎగిరే తెల్లటి సన్న పురుగులు. వాటి మధ్య గసగసాల గింజకు కొంచెం పెద్దగా, ఆవగింజకు కొంచెం చిన్నగా, పాకం బెల్లం రంగులో ఒకటి.

మైక్రోస్కోపు కింద అది వేరే లోకం. పెంకు పురుగు అంటే వీపు మొత్తం పెంకు కప్పుకుని ఉంటుందనుకుంటాం. దీని పెంకులు పొట్టి చొక్కాలా వీపు సగం దాకానే వచ్చి ఆగిపోయాయి. మిగతా సగం గట్టిగా, పలకలు పలకలుగా బయటికే కనిపిస్తోంది. తలమీది మీసాలు ఒక్కోటి పదకొండు పూసలు గుచ్చినట్టున్నాయి. చివరి మూడు పూసలు లావెక్కి గదలా ఉన్నాయి. నుదుటి మీద రెండు గుంటలు, పెంకుల మొదట్లో మరికొన్ని, గుండుసూదితో గుచ్చినంత కచ్చితంగా. ఒక్కో గుంటలో సన్నని నూగు. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఒంట్లో ఇంత పనితనం చూసి ఆ ఆదివారం అన్నం తినడం మర్చిపోయాను.

ఇవి సెలాఫినే అనే ఉపకుటుంబానికి చెందినవి. దాదాపు పది వేల జాతులకు ఇప్పటికే పేర్లున్నాయి. ఆకుల కింద నల్లుల్ని, ఎగిరే సన్న పురుగుల్ని వేటాడి తింటాయి. కొన్ని చీమల పుట్టల్లో చీమలతో కలిసి బతుకుతాయి. 1995 దాకా వీటిని వేరే కుటుంబంగా లెక్కపెట్టేవారు. తర్వాత 60 వేలకు పైగా జాతులున్న స్టాఫిలినిడే అనే మహా కుటుంబంలో కలిపారు. పెంకు పురుగుల్లో ఇంతకంటే చిన్నవీ ఉన్నాయి. రెక్కలు ఈకల్లా ఉండే మరో కుటుంబంలో, కొలంబియాలో దొరికిన ఒకదాన్ని 2015లో కొలిస్తే 0.325 మిల్లీమీటర్లు వచ్చింది.

మనవాళ్లు పురుగులకు పేర్లు పెట్టనివాళ్లేం కాదు. తొలకరికి ఎర్రటి మఖ్మల్ గుడ్డలా పొలంలో పాకేదానికి కార్తె పేరే పెట్టి ఆరుద్ర పురుగు అన్నారు. పెండ దొర్లించేది పెండపురుగు. చిన్నప్పుడు తుమ్మాకు వేసి అగ్గిపెట్టెలో పెంచుకున్నది బంగారు పురుగు. కనిపించినవాటికి, పనిపడినవాటికి పేర్లు పెట్టుకున్నాం. తాతకు నా పురుగును భూతద్దంలో చూపిస్తే, "గిది పురుగా? దుమ్మనుకున్న" అని చాలాసేపు చూశాడు. మీరేమంటారు తాతా దీన్ని అనడిగాను. "ఏమనలే బిడ్డా. ఎన్నడు పనిబడలే."

ఇక అసలు పని. దీనికి ఇంతకుముందే ఎవరైనా పేరు పెట్టారా? పత్రికల్లో "అడవిలో కొత్త జాతి దొరికింది" అని వార్త వస్తుంది. ఎప్పుడూ అడవిలో దొరకదు. దొరికేది బల్ల మీద, పక్కన మరో పది పురుగుల్ని పెట్టి చూసినప్పుడు. కొత్తది అనడం ఒక వాదన. ఇది ఆ జాతి కాదు, ఈ జాతి కాదు, ఫలానా కారణాల వల్ల కాదు అని ఒక్కొక్కదాన్నే కొట్టేసుకుంటూ రావాలి. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో వేసిన 'సిస్టమా నేచురే' పుస్తకం పదో కూర్పు నుంచి నిన్నటి దాకా అచ్చయిన పేర్లన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ఈ గుంపు మీద జీవితమంతా పనిచేసిన అషీల్ రఫ్రే ఫ్రెంచి దౌత్యవేత్త, ఆయన సేకరణ పారిస్ మ్యూజియంలో ఉంది. ఆయన రాసిన నాలుగు వరుసల వర్ణన చదివి మన పురుగు అదో కాదో చెప్పలేం. ఆయన చేతిలో పట్టుకున్న ఆ పురుగునే చూడాలి, లేదా దాని ఫోటో తెప్పించుకోవాలి. వందేళ్లు దాటినా అది అక్కడ ఉంది కాబట్టే చూడగలుగుతున్నాం.

ఈ గుంపులో ఆడవాటిని చూసి జాతి చెప్పడం చాలాసార్లు కుదరదు. మగదాని పొట్ట చివర మెత్తబరచి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, వెంట్రుకంత సూదులతో లోపలి జననాంగాన్ని బయటికి తీయాలి. పైకి ఒకేలా కనిపించే రెండు జాతుల్ని విడదీసేది చాలాసార్లు దాని ఆకారమే. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేంత ముక్క అది. నా పురుగుది కొసన పక్కకు తిరిగి, కొడవలి మొనలా ఉంది. నేను చూసిన బొమ్మల్లో ఎక్కడా అలాంటిది లేదు. పెన్సిల్ బొమ్మ గీసుకుని, ఆ ముక్కను గ్లిజరిన్ చుక్కలో వేసి, బుల్లి గొట్టంలో పెట్టి, మగపురుగు ఉన్న సీసాలోనే వేశాను. ఆ సీసానే సింకులోకి పోయింది. నాకు మిగిలినవి ఇంట్లో పెట్టుకున్న రెండు ఆడపురుగులు, ఒక పెన్సిల్ బొమ్మ.

బొమ్మ చాలదా అని చాలామంది అడిగారు. చాలదు. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒకే ఒక్క నమూనాను ఎంచుకుని ఆ పేరును దానికి కట్టాలి. దాన్ని హోలోటైప్ అంటారు, ఎర్ర కాగితం తగిలిస్తారు. 2000 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నామకరణ నియమావళి ప్రకారం ఆ నమూనా ఏదో, అది ఏ సేకరణలో ఉంటుందో పత్రంలో రాయాలి. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్లి చూసుకోగలగాలి. నా మాట నమ్మండి అంటే కుదరదు, కుదరకూడదు కూడా. ఈ వ్యాసంలో నేను అనుకున్న పేరు రాయకపోవడానికీ కారణం అదే. పద్ధతిగా అచ్చయ్యేదాకా అది పేరు కాదు.

2012లో పారిస్ మ్యూజియం పరిశోధకులు ఒక లెక్క తీశారు. ఒక కొత్త జాతి నమూనా మొదటిసారి చేతికి చిక్కిన రోజుకూ దానికి పేరు అచ్చయిన రోజుకూ మధ్య సగటున 21 ఏళ్లు. ఆ లెక్క చదివినప్పుడు నాకు మా ర్యాకు గుర్తొచ్చింది. 21 ఏళ్లలో ఒక డిగ్రీ కాలేజీ ల్యాబులో ఎంతమంది ట్రాన్స్‌ఫర్ అవుతారు? ఎన్ని తనిఖీలు వస్తాయి, ఎన్నిసార్లు సున్నం వేస్తారు? ఆల్కహాల్ ఎన్నిసార్లు ఆవిరైపోతుంది, ఎవరు మళ్లీ పోస్తారు?

మన చట్టం ఈ విషయంలో మంచిదే. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం ఎవరు కొత్త జాతి కనిపెట్టినా, ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేయాలి, నమూనాలు అక్కడ జమ చేయాలి. 1916లో పుట్టిన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే. ఆ నియమాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ అది వర్తించేది కొత్తదని తేలాక. తేలకముందు? పది నెలలు కావచ్చు, 21 ఏళ్లు కావచ్చు, ఆ కాలమంతా అది ఏమిటో తెలియని రేణువుల సీసా. దాని జీవితంలో అదే ప్రమాదకరమైన కాలం. అప్పుడే దానికి ఇల్లు లేదు.

అన్నీ హైదరాబాద్‌లోనో కోల్‌కతాలోనో ఉన్న ఆ సర్వే ఆఫీసులకు పంపేస్తే పోదా అంటారు. వేరుచేయని చెత్తపొట్టు సీసాలు వేలకు వేలు పంపితే ఎవరు చూస్తారు? వేరుచేసి పంపాలంటే వేరుచేసేదాకా ఇక్కడే ఉండాలి. పైగా అన్నీ ఒకేచోట ఉండటమూ భయమే. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలో నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ ఒక్క రాత్రిలో కాలిపోయింది. డీఎన్ఏ ఉంది కదా అని మరొకరు. డీఎన్ఏ చాలా సాయం చేస్తుంది, చేయిస్తున్నాను కూడా. కానీ అది పోల్చేది ఇప్పటికే నమోదైన వరుసలతో. వందేళ్ల కింద పేరు పెట్టిన పురుగుకు డీఎన్ఏ వరుస లేకపోతే, నాది దానికి భిన్నమో కాదో అది చెప్పలేదు. ఆ డీఎన్ఏ తీయడానికైనా పురుగు ఉండాలి.

మా సెకండియర్ అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్నే కష్టమైనది. "మేడం, పేరు కోసం చంపడం తప్పు కాదా?" తప్పు కాదని తేలిగ్గా అనలేను. నేను తీసేది ఒక చెట్టు కింద నాలుగు దోసిళ్ల ఆకు. వేసవిలో ఒక్క నిప్పు అంటుకుంటే ఒక గుట్ట మీది ఆకంతా ఒక మధ్యాహ్నంలో బూడిద. అయినా ఆ పోలిక చెప్పి తప్పించుకోను. చంపిన ప్రతిదానికీ మనం బాకీ పడ్డాం. దాన్ని చూడాలి, రాయాలి, దాచాలి. చంపి, చూడకుండా, సింకులో పారబోయడాన్ని మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేను.

2018లో మా పాలమూరు పిల్లలమర్రికి సెలైన్ సీసాలు కట్టి క్లోర్‌పైరిఫాస్ ఎక్కించారు, చెదలు పట్టిందని. 700 ఏళ్ల చెట్టు, బతకాలని నేనూ మొక్కుకున్నాను. ఆ రోజు నాకు అనిపించింది ఇంకొకటి ఉంది. ఓ 30 ఏళ్ల కింద ఆ చెట్టు కింది ఆకును దోసెడు జల్లించి, సీసాలో వేసి, పెన్సిల్‌తో తేదీ రాసి దాచినవాళ్లు ఒక్కరున్నా, ఇవాళ పక్కన పెట్టి చూసుకునేవాళ్లం. ఏమి పోయాయో, ఏమి మిగిలాయో మన కళ్లతో. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని ఊళ్లకు ఊళ్లు కదిలినప్పుడు, ఆ సెప్టెంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసినప్పుడూ ఇదే అనుకున్నాను. పులి పేరు చెప్పాం, కృష్ణా నీళ్ల గురించి చెప్పాం, చెంచుల బతుకు గురించి చెప్పాం. చెప్పాల్సినవే. కానీ ఆ నేల మీద మరెక్కడా లేనిది ఇది ఉంది అని బల్ల మీద పెట్టి చూపడానికి నా దగ్గర ఏముంది?

నేను అడుగుతున్నది పెద్ద మ్యూజియం కాదు. పాత ఉమ్మడి జిల్లాకు ఒక్క గది చాలు. మహబూబ్‌నగర్‌లో ఒకటి, నల్లగొండలో ఒకటి. ఒక ఇనుప బీరువా, ఎండ పడని గోడ, ఏడాదికి రెండుసార్లు ఆల్కహాల్ పోసే మనిషి. దానికో జీతమున్న పోస్టు ఇస్తే ఇంకా మంచిది. అన్నిటికంటే ముందు కావాల్సింది మాత్రం పైసా ఖర్చు లేనిది. కాలేజీలో పనిచేసేవాళ్లకు తెలుసు, విరిగిన బీకరుకు కూడా స్టాక్ రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటుంది. దాన్ని పారేయాలంటే రాతపూర్వకంగా రైటాఫ్ చేయాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి. నా 62 సీసాల గాజుకు ఎంట్రీ ఉంది. అందుకే కడిగి భద్రంగా పెట్టారు. లోపల ఉన్నదానికి ఎంట్రీ లేదు. అందుకే పారబోశారు.

ఆ తర్వాత మూడు వానాకాలాలు అదే మలుపుకు పోయాను. మొదటి ఏడు రెండు ఆడవి. రెండో ఏడు ఏమీ లేదు, పైన గుట్ట కాలింది, మలుపులో ఆకే పలచబడింది. తాత నడవలేకపోతున్నాడు, మనవణ్ణి తోడు పంపాడు. మూడో ఏడు, ఆరుద్ర కార్తె చివర్లో తెచ్చిన సంచిలోంచి ఒక మగది రాలింది. మొదటి మగదానికి ఉన్నట్టే కాలు మీద ముల్లు కనిపించగానే గుర్తుపట్టాను. లోపలి ముక్క తీసేటప్పుడు చేయి వణుకుతోందని మా సెకండియర్ అమ్మాయే, ఇప్పుడు పీజీ చేస్తోంది, సూది అందుకుంది. కొసన అదే కొడవలి మొన.

ఆ రోజే స్టేషనరీ షాపులో ఒక లాంగ్ రిజిస్టర్ కొన్నాను. సీరియల్ నంబరు 1. వస్తువు: పెంకు పురుగు, మగది, ఒకటి. స్థలం, తేదీ, చెట్టు, తీసినవారు. తాత మనవడి పేరు కూడా రాశాను. ధర అన్న కాలమ్ దగ్గర కాసేపు ఆగి, గీత పెట్టాను. చివరి కాలమ్‌లో "పారబోయరాదు" అని రాసి, ప్రిన్సిపాల్ గదికి సంతకం కోసం తీసుకెళ్లాను.